సుంకి ఘాటీ మీద మూడేళ్ళు: టర్బో బండికి సత్తు మేనిఫోల్డ్

ఇన్‌టేక్ మేనిఫోల్డ్ అంటే ఇంజన్ సిలిండర్లకి గాలి పంచే గొట్టాల గుత్తి. నా కారుకి ప్లాస్టిక్‌ది తీసి సత్తుది, అంటే అల్యూమినియంది, వేసిన కథ ఇది. మాది ఒడిశాలో కోరాపుట్ దగ్గర సునాబెడ. అమ్మ విజయనగరంలో ఉంటుంది, నెలకి రెండుసార్లు వెళ్ళొస్తాను. అంటే పొట్టంగి, సుంకి మీదుగా ఘాటీ దిగి సాలూరు చేరడం, తిరుగుదారిలో మళ్ళీ అంతా ఎక్కడం. కొత్త మేనిఫోల్డ్ వేశాక మూడేళ్ళలో 43,000 కిలోమీటర్లు తిరిగాను, అందులో చాలా భాగం ఈ రోడ్డే. నాలుగు లైన్ల హైవే మీద తోలేవాళ్ళకి నా లెక్కలు కొంత తేడా కొట్టొచ్చు.

బండి 1.8 లీటర్ల టర్బో పెట్రోల్ సెడాన్, డైరెక్ట్ ఇంజెక్షన్. కంపెనీ పేరు రాయను. రాస్తే మాటంతా మేనిఫోల్డ్ మీంచి కంపెనీ మీదకి పోతుంది. లక్షా పదివేల కిలోమీటర్లు దాటాక ఒకరోజు ఇంజన్ లైట్ వెలిగింది. స్కానర్ పెడితే ఇన్‌టేక్ ఫ్లాప్ తప్పు చూపించింది. ప్లాస్టిక్ మేనిఫోల్డ్‌లో గాలిదారికి అడ్డంగా ఉండే చిన్న రేకుల్ని తిప్పే పుల్ల అరిగిపోయింది. ఆ పుల్ల విడిగా దొరకదు, మేనిఫోల్డ్ మొత్తం కొనాల్సిందే. అక్కడే నా బుర్రలో పురుగు దూరింది. ఎలాగూ కొంటున్నాం కదా, ఇంకా గట్టిది వేస్తే పోలా?

నా ముందు మూడు దారులున్నాయి. ఒకటి, మళ్ళీ అదే ప్లాస్టిక్. రెండు, రేకు వంచి వెల్డింగ్ చేసిన అల్యూమినియంది: పొట్టి గొట్టాలు, ముందు పెద్ద డబ్బా. మూడు, పోత పోసిన అల్యూమినియంది, విదేశీ సరుకు. గొట్టాలు ఒరిజినల్ కంటే కాస్త పొట్టి, ఫ్లాపులు ఉండవు. అల్యూమినియం ఖనిజం తవ్వే పంచపట్మాలి బాక్సైట్ కొండల పక్కన కాపురం ఉండి, దామన్‌జోడి అల్యూమినా ఫ్యాక్టరీ చిమ్నీలు చూస్తూ, సత్తు ముక్కని సముద్రం దాటించి 62,000 పెట్టి తెప్పించుకున్నాను. మా ఆవిడ ఇప్పటికీ దెప్పుతుంది.

వెల్డింగ్‌ది ఎందుకు వద్దనుకున్నానో చెప్తాను. టర్బో గాలిని ఎలాగూ తోస్తుంది కదా, గొట్టం పొడుగుతో పనేంటి అని చాలామంది అంటారు. పని ఉంది. పొడుగు గొట్టం కింది ఆర్‌పీఎంలో లాగుడు ఇస్తుంది, పొట్టిది పై ఆర్‌పీఎంలో. టర్బో వచ్చినా ఈ సంగతి మారదు. డబ్బా మరీ పెద్దదైతే, యాక్సిలరేటర్ తొక్కాక అది నిండి బూస్ట్ (టర్బో తోసే గాలి ఒత్తిడి) అందడానికి ఆ మేరకు ఆలస్యం. ఘాటీలో నేనుండేది రెండు వేలకీ మూడు వేలకీ మధ్య. ఆరు వేల దగ్గర వచ్చే పవర్ నాకు పెట్టెలో దాచిన పట్టుచీర లాంటిది. పైగా స్నేహితుడి బండికి వేసిన వెల్డింగ్ ముక్క చూశాను. వెల్డింగ్ వేడికి ఫ్లేంజ్ (ఇంజన్‌కి ఆనే చదును అంచు) వంగిపోయి, ఒక మూల మధ్యలో పెట్టే సీలు, అదే గాస్కెట్, మీద ఆనడమే లేదు.

నాది పోతది కాబట్టి ఆ బాధ ఉండదనుకున్నాను. మా వీధిలో హెచ్ఏఎల్ ఇంజన్ ఫ్యాక్టరీలో ఫిట్టర్‌గా చేసి రిటైరైన బాబాయ్ ఉన్నారు. వరసకేం కాదు, అందరికీ బాబాయే. పెట్టె విప్పి ముందు ఆయనకే చూపించాను. మాట్లాడకుండా స్టీలు స్కేలు తెచ్చి ఫ్లేంజ్ మీద నిలబెట్టి, కిటికీ వైపు ఎత్తి పట్టారు.

"ఇటు రా బాబూ. ఎలుతురు కనబడతందా?"

కనబడింది. నాలుగో సిలిండర్ దగ్గర సందు కొలిచే ఫీలర్ గేజ్‌లో 0.15 ఎంఎం రేకు సులువుగా దూరింది, అంటే ఫ్లేంజ్ చదునుగా లేదు. బల్ల మీద దళసరి అద్దం పరిచి, దాని మీద ఎమిరీ కాగితం అతికించి, ఫ్లేంజ్‌ని బోర్లించి ఎనిమిది అంకె ఆకారంలో రుద్దారు. ఎత్తు ఎక్కడ మిగిలిందో తెలియడానికి మధ్యమధ్య నీలి రంగు పూసి చూడటం, మళ్ళీ రుద్దడం. రెండు సాయంత్రాలు పట్టింది. తర్వాత మేనిఫోల్డ్‌లో లీటరు కిరసనాయిలు పోసి, రంధ్రాలు మూసి, పసిపిల్లాణ్ణి ఊపినట్టు ఊపి తెల్లగుడ్డలో వడగట్టారు. గుడ్డ మీద పోత ఇసుక, పెసరగింజలో సగం ఉన్న లోహపు ముక్క ఒకటి. ఎయిర్ ఫిల్టర్ దాటాక ఉండే భాగం ఇది. ఆ ముక్క నేరుగా సిలిండర్‌లోకే వెళ్ళేది. మీరు ఏ మేనిఫోల్డ్ కొన్నా, ఎంత పెట్టి కొన్నా, ఈ రెండు పరీక్షలూ చేయకుండా బిగించొద్దు.

పాతది విప్పినప్పుడు వాల్వుల వెనక చూస్తే అడుగంటిన పులుసు గిన్నెలా నల్లగా మందంగా కార్బన్. డైరెక్ట్ ఇంజెక్షన్‌లో పెట్రోలు సిలిండర్‌లోకే చిమ్ముతుంది, వాల్వుల్ని కడగదు. ఇంజన్ అడుగు భాగం (క్రాంక్‌కేస్) నుంచి వచ్చే నూనె ఆవిరి అక్కడ పట్టేసి కాలుతుంది. అక్రోటు చిప్పల పొడితో కొట్టే మిషన్ మా వైపు లేదు. వాల్వు పూర్తిగా మూసుకుని ఉన్న సిలిండర్లే ఒక్కొక్కటిగా తీసుకుని, క్లీనర్ పోసి నానబెట్టి బ్రష్‌తో గీకాం. నిజం చెప్పాలంటే తర్వాత బండిలో కనిపించిన హుషారులో సగం ఈ గీకుడు పుణ్యమే. కొత్త మేనిఫోల్డ్ వేశాక "పికప్ అదిరింది" అనేవాళ్ళని, వాల్వులు కూడా కడిగించారా అని అడగండి.

బిగించిన రెండు నెలలకి ఘాటీలో సన్నగా ఈల మొదలైంది. మైలేజ్ 12 నుంచి పదిలోపు పడింది, సైలెన్సర్ మూతి మసి. టర్బో బండిలో లీకు రెండు రకాలుగా ఆడుతుంది. ఐడిల్‌లో మేనిఫోల్డ్ లోపల వాక్యూమ్ ఉంటుంది కాబట్టి లెక్కలో లేని గాలి లోపలికి వస్తుంది. బూస్ట్‌లో అయితే సెన్సర్ లెక్కేసిన గాలే బయటికి పోతుంది. ఈసీయూ (ఇంజన్‌ని నడిపే కంప్యూటర్) మాత్రం ఆ గాలికి కూడా పెట్రోలు కొడుతుంది. నాది రెండో రకం. టైర్ కంప్రెసర్ నుంచి రెగ్యులేటర్‌తో ఇన్‌టేక్‌లోకి 15 పీఎస్ఐ ఒత్తిడి పెట్టి, సబ్బునీళ్ళు చల్లితే ఒక వాక్యూమ్ నిపుల్ (సన్న గొట్టం తగిలించే ముక్కు) మర దగ్గర బుడగలు లేచాయి. అది నేనే బిగించాను, సీలెంట్ రాయడం మరిచాను. ఎవరినీ అనడానికి లేదు.

ఇక అసలు విషయం, వేడి. సత్తు తపేలా పొయ్యి మీద ఎంత త్వరగా కాగుతుందో ఇంట్లో అందరికీ తెలుసు. బోనెట్ కింద కూడా అంతే. ప్లాస్టిక్ వేడిని అంత తొందరగా పట్టదు. సుంకి మలుపుల్లో లోడు లారీ వెనక రెండో గేర్‌లో పాకుతుంటే, బయట 30 డిగ్రీలున్నప్పుడు, పాత మేనిఫోల్డ్‌తో ఇన్‌టేక్ గాలి 51 చూపించేది. కొత్తదానితో 68. కోరాపుట్ సముద్రమట్టానికి సుమారు 870 మీటర్ల ఎత్తు, అక్కడ గాలి ఒత్తిడి తీరంతో పోలిస్తే పదో వంతు తక్కువ. అదే బూస్ట్ ఇవ్వడానికి టర్బో ఇంకా తిరగాలి, గాలి ఇంకా కాగుతుంది. వేడి ఎక్కువైతే నాకింగ్ (సిలిండర్‌లో పెట్రోలు తనంతట తానే పేలడం) భయంతో ఈసీయూ ఇగ్నిషన్ టైమింగ్, అంటే నిప్పురవ్వ పడే సమయం, వెనక్కి లాగుతుంది, పవర్ తగ్గుతుంది. లారీని దాటడానికి ఖాళీ దొరికిన ఆ నాలుగు సెకన్లలోనే బండి బద్ధకిస్తుంది. మొదటి ఏడాది నాకు మేనిఫోల్డ్ మీద వచ్చిన విసుగంతా ఇదే.

ఒక్క మాట. ఆ 68లో కొంత అబద్ధం ఉంది. సెన్సర్ అదే లోహంలో కూర్చుని ఉంటుంది, గాలితో పాటు లోహం వేడినీ చదువుతుంది. సాలూరు దాటి రామభద్రపురం వైపు 80లో పోతుంటే తేడా రెండు మూడు డిగ్రీలే. గాలి అంత వేగంగా పోతున్నప్పుడు గొట్టం దానికి అంటించే వేడి తక్కువ.

బాబాయే దారి చూపించారు. వేడిని ఆపే 6 ఎంఎం హైలమ్ షీట్‌ని గాస్కెట్ ఆకారంలో కోసి, ఇంజన్ హెడ్‌కీ మేనిఫోల్డ్‌కీ మధ్య స్పేసర్‌గా పెట్టి, రెండు వైపులా గాస్కెట్, ఆ మేరకు పొడుగు బోల్టులు. అదే రోడ్డు, అలాంటి లారీ, ఇప్పుడు 59. ప్లాస్టిక్ అంత చల్లగా లేదు కానీ బద్ధకం చాలావరకు పోయింది. మా ఇంజన్‌లో ఫ్యూయల్ రైలు (ఇంజెక్టర్లకి పెట్రోలు పంచే గొట్టం) హెడ్‌కే ఉంది కాబట్టి కుదిరింది. కొన్నింటిలో రైలు మేనిఫోల్డ్‌కే బిగించి ఉంటుంది, అక్కడ స్పేసర్ వేస్తే ఇంజెక్టర్లు వాటి సీట్ల నుంచి జరుగుతాయి. హైప్రెషర్ పెట్రోలుతో ఆటలొద్దు.

ఫ్లాపులు తీసేసినందుకు శిక్ష డిసెంబరులో పడింది. కింది ఆర్‌పీఎంలో గాలిని సుడి తిప్పి పెట్రోలుతో కలిపేది అవే. చలి పొద్దున స్టార్ట్ చేస్తే రెండు నిమిషాలు బండి వణికేది, లైట్ మళ్ళీ వెలిగింది. విశాఖలో ఈసీయూ ట్యూన్ చేయించాక లైట్ పోయింది, వణుకు తగ్గింది కానీ పూర్తిగా పోలేదు. ట్యూన్ ఖర్చు మేనిఫోల్డ్ ధరలో కలిపి లెక్కేసుకోండి, విడిగా కాదు. ట్యూన్ చేసేచోట పొల్యూషన్ పరీక్ష కూడా చేయించుకుని రండి. మార్పులకి మోటారు వాహనాల చట్టంలో సెక్షన్ 52 ఉంది, చదవండి. ఇన్సూరెన్స్ వాళ్ళకి ముందే చెప్పండి.

పవర్ సంగతా? 4,500 దాటాక లాగుడు స్పష్టంగా పెరిగింది. రెండు వేల దగ్గర ఇసుమంత తగ్గింది. నా రోడ్డుకి ఇది తిరకాసు బేరం.

మళ్ళీ కొనాల్సి వస్తే? బూస్ట్ కంపెనీ ఇచ్చినంతే ఉంచి ఘాటీల్లో తిరిగేవాణ్ణి అయితే కొత్త ప్లాస్టిక్‌దే వేసుకుంటాను, మిగిలిన డబ్బుతో ఏటా వాల్వులు కడిగిస్తాను. బూస్ట్ బాగా పెంచే ఆలోచన ఉంటే పోత అల్యూమినియం, దాంతోపాటే స్పేసర్. నేను మాత్రం పెంచలేదు. అయినా తీయలేదు. మొన్న మూడో ఏడు విప్పినప్పుడు ఫ్లేంజ్ మీద బాబాయ్ స్కేలు మళ్ళీ నిలబెట్టారు. ఈసారి ఎలుతురు కనబడలేదు. వాల్వుల వెనక మాత్రం కార్బన్ మళ్ళీ పేరుకుంది, శనివారం గీకుతున్నాం.