ఎలికాట్ బంగారు రిపీటర్: ఏళ్లుగా వాడుతూ చెబుతున్న మాట

నా దగ్గరున్నది లండన్‌లో జాన్ ఎలికాట్ చేసిన జేబు గడియారం, పద్దెనిమిదో శతాబ్దం నడిమిది. రిపీటర్ అంటే నొక్కినప్పుడల్లా టైమెంతో గంట కొట్టి చెప్పేది. పైనున్న కాడను అడుగు దాకా నొక్కితే ముందు గంటలు కొడుతుంది, తర్వాత పావుగంటలను జంట దెబ్బలుగా కొడుతుంది. పదిన్నర అయితే పది దెబ్బలు, ఆపైన రెండు జంటలు. కంచు గ్లాసు అంచున చెంచాతో తట్టినట్టుండే ఆ చప్పుడు బయటికి రావాలనే లోపలి కేసుకూ బయటి కేసుకూ చిల్లులు పడేలా లతలు చెక్కారు. రాత్రి మెలకువ వస్తే నేను ఇప్పటికీ ఫోన్ వెలిగించను, దీన్నే నొక్కుతాను.

1687లో ఇలా నొక్కితే గంట కొట్టే ఏర్పాటు మీద పేటెంటు కోసం ఇంగ్లండ్‌లో ఎడ్వర్డ్ బార్లో, డేనియల్ క్వేర్ పోటీపడ్డారు. బార్లో గడియారంలో గంటలకొక మీట, పావులకొక మీట. క్వేర్‌ది ఒక్క నొక్కుతో అయిపోయేది. రెండో జేమ్స్ రాజు క్వేర్‌దే మెచ్చాడు. చీకట్లో వాడే వస్తువుకు అదే సరైన తీర్పు అని నాకు వాడుతుంటే అర్థమైంది.

ఇక ఇది ఎవరి చేతులు మారి వచ్చింది అన్న సంగతి. అమ్మినతను ఏదో జమీందారీ కుటుంబం కథ చెప్పాడు, కాగితం ఒక్కటీ చూపలేదు. నేను నమ్మింది గడియారం తనకు తాను చెప్పుకున్నదే. మెషీన్ వెనక పలక మీదా, దుమ్ము మూత మీదా ఒకే నంబరు. రెండు కేసుల్లో ఒకే కేసు పనివాడి ముద్ర, ఏ ఏడాది హాల్‌మార్క్ వేశారో చెప్పే ఒకే అక్షరం. ఆ ఏడాది, మెషీన్ నంబరును బట్టి తెలిసే కాలంతో సరిపోయింది. కేసుల మధ్య పాత రిపేరర్లు పెట్టిన గుండ్రటి కాగితాలూ ఉన్నాయి, పేరూ తేదీతో సహా. నాకు అవే అసలు ఆస్తి.

ఎలికాట్ 1738లో లండన్‌లోని శాస్త్రవేత్తల సంఘం రాయల్ సొసైటీలో ఫెలో (సభ్యుడు) అయ్యాడు, తర్వాత మూడో జార్జ్ రాజుకు గడియారాలు చేశాడు. అంత పేరుంటే నకిలీలు రాకుండా ఉంటాయా? లండన్ పనివాళ్ల పేర్లు చెక్కి ఇంగ్లండ్ బయట, యూరప్‌లో చేసినవి చాలా ఉన్నాయి. మెషీన్‌లో అటూ ఇటూ ఊగుతూ వేగాన్ని అదుపులో ఉంచే బ్యాలెన్స్ చక్రం పైనున్న చెక్కడపు పలక చూడండి: ఇంగ్లిష్ పని అయితే ఒక్క కాలు మీద నిలుస్తుంది, యూరప్ పని అయితే వంతెనలా రెండు వైపులా స్క్రూలుంటాయి. బంగారం ధర కోసం కేసు కరిగించి, మెషీన్‌కు వేరే కేసు తొడగడమూ మామూలే. 1798 దాకా ఇంగ్లండ్‌లో హాల్‌మార్క్ బంగారమంటే మన నగల్లో ఉండే 22 క్యారెట్లే. కాబట్టి ఇంత పాత మెషీన్ మీద కిరీటం, 18 (అంటే 18 క్యారెట్ల) ముద్ర ఉన్న కేసు కనిపిస్తే అది తర్వాత మార్చినదే.

రోజూ డయల్‌లోని రంధ్రంలో కీ ఇవ్వాలి. టైమ్ నిమిషాల్లో అటూ ఇటూ అవుతుంది, రైలు పట్టుకోవడానికి దీన్ని నమ్ముకోకండి. సర్వీసింగ్ ఖర్చు గట్టిగానే ఉంటుంది, రిపీటర్ పని వచ్చినవాళ్లు దొరకడం ఇంకా కష్టం. గంట కొడుతుండగా ముళ్లు తిప్పకండి. కొనేముందు మెషీన్ బయటికి తీసి నంబరు చూపించనంటే, ధర ఎంత తగ్గించినా వద్దనేయండి.