ఫ్రిస్కోలో మూడు కుర్చీల సెలూన్

టెక్సాస్‌లోని ఫ్రిస్కోకి, మా అబ్బాయి దగ్గరికి వచ్చి నాలుగు నెలలైంది. తెనాలిలో చేయించుకొచ్చిన కటింగ్ కాస్తా చెవుల మీదికి దిగింది. కోడలు ప్రెస్టన్ రోడ్డు పక్కనున్న ఓ పాత సెలూన్ దగ్గర నన్నూ మనవణ్నీ దింపింది.

యజమాని డెబ్బై దాటిన తెల్లాయన. శనివారం పొద్దున్నే వెళ్తే బెంచీ మీద అంతా ఆయన ఈడువాళ్లే, అందరూ తెల్లవాళ్లే. పదిన్నర దాటిందా, పిల్లలు దిగుతారు. లెక్కల మాస్టారుగా రిటైరైనవాణ్ని, ఊరుకోలేను కదా! పదకొండు మందిలో ఏడుగురు మన దేశపు పిల్లలు. వాళ్లలో నలుగురికి తిట్లు తెలుగులో పడుతున్నాయి, జవాబులు మాత్రం ఇంగ్లీషులో వస్తున్నాయి.

ఊరే అలా మారింది. 2000లో జనాభా 33,714, 2020కి 2,00,509. ఆసియా మూలాలవాళ్లు 2010లో పది మందికి ఒకరు, 2020 నాటికి నలుగురిలో ఒకరికి పైనే. ఐటీ ఉద్యోగాలకనీ, మంచి బడులకనీ వచ్చినవాళ్లంతా పడుచు జంటలు. ముసలివాళ్లం వీసా ఉన్నన్నాళ్లే ఉంటాం. ఇక పెద్దల బెంచీ, పిల్లల బెంచీ ఒకేలా ఎందుకుంటాయి?

పని విషయానికొస్తే, పెద్దవాళ్లకి కత్తెర పని బ్రహ్మాండం. మెడ వెనక వేడి నురగ రాసి కత్తితో గీస్తాడు, హాయిగా ఉంటుంది. తల మర్దన మాత్రం లేదు. 25 డాలర్లు, పైన టిప్పు. రూపాయల్లోకి మార్చొద్దని మావాడు ముందే చెప్పాడు. మార్చాను, టెన్షన్ వచ్చింది.

పిల్లల దగ్గరే తంటా. మనవడిది ఒత్తు జుట్టు. పక్కలు మరీ కురచగా కొట్టేసరికి పైనదంతా బ్రష్షులా నిలబడింది. "తాతా, స్కూలుకి వెళ్లను" అని కూర్చున్నాడు. రెండో కుర్చీలో ఉండే వియత్నాం అమ్మాయికి ఆ జుట్టు సంగతి తెలుసు, కాకపోతే గంట ఆగాలి.

ముసలాయన నేర్చుకోడని కాదు. సెలవులకి ఇండియా వెళ్లొచ్చిన పిల్లలు గుండుతో కనబడితే, మొదట్లో ఏం జబ్బు చేసిందోనని భయపడేవాడట. ఇప్పుడు నవ్వుతూ "తిరుపతి?" అంటాడు.

పెద్దవాళ్లు పదిలోపు వెళ్లండి. పిల్లలకైతే రెండో కుర్చీ అడగండి.