బస్టాండ్ ఎదురు షాపులో మెమరీ కార్డు కొన్నవాళ్లు వెంటనే చూసుకోండి

బస్టాండ్ ఎదురు వరుసలో, మెట్ల కింద ఉండే మొబైల్ షాపులో మెమరీ కార్డు కొనకండి. ఇప్పటికే కొని ఉంటే దయచేసి ఇది చివరిదాకా చదవండి. పేరు రాయడం లేదు, మన ఊరి వాళ్లకు రాయక్కర్లేదు కూడా. ఇప్పుడే అక్కడి నుంచి ఇంటికొచ్చాను. ఒళ్లు ఇంకా మండుతూనే ఉంది.

తమ్ముడు ఇంటర్ రెండో సంవత్సరం, బైపీసీ. మా ఇంటి దగ్గర సిగ్నల్ సరిగా ఉండదు. అందుకని లెక్చరర్లు ఇచ్చే వీడియోలు కాలేజీలోనే ట్యాబ్‌లోకి ఎక్కించుకుని రాత్రిళ్లు చూసుకుంటాడు. బోర్డు మీద వేసినవి చెరిపేలోపు ఫోటోలు తీసుకుంటాడు. ట్యాబ్‌లో జాగా చాలడం లేదని 128 జీబీ మైక్రో ఎస్‌డీ కార్డు కొన్నాం, 650 రూపాయలకి. ప్యాకెట్ మీద అందరికీ తెలిసిన కంపెనీ పేరు, సీలు, అన్నీ ఉన్నాయి.

కొత్తలో బాగానే పనిచేసింది. తర్వాత మొదలైంది గొడవ. కాపీ చేస్తుంటే సగంలో ఆగిపోయి "ఫైల్ కాపీ కాలేదు" అని వచ్చేది. ఒక్కోసారి కాపీ అయిపోయినట్టే చూపించేది, తీరా తెరిస్తే వీడియో ఆడేది కాదు. ఫైలు పేరు ఉంటుంది, సైజు ఉంటుంది, లోపల ఏమీ ఉండదు. గుండె నిర్మాణం బోర్డు మీద వేసిన ఫోటో ఒకటి తెరిచాడు. పైన ఒక పట్టీ మందాన బృహద్ధమని వంపు, పక్కన సర్ చేతిరాత కనిపిస్తున్నాయి. దాని కింద నుంచి ఫోటో మొత్తం బూడిద రంగు. ఆ ఫోటో చూస్తూ వాడు మాట్లాడకుండా కూర్చున్నాడు. చివరికి ఒక పొద్దున ట్యాబ్ ఆన్ చేస్తే కార్డు పాడైంది, ఫార్మాట్ చేయమని వచ్చింది.

నాన్న వాడి మీదే అరిచారు. గేములు ఎక్కించి ఉంటావు, ఎక్కడో కింద పడేసి ఉంటావు అని. "లేదు నాన్నా" అంటున్నా వినలేదు. వాడు తిండి మానేసి పడుకున్నాడు.

నాకు తెలిసిన పరీక్షలన్నీ చేశాను. కార్డు తీసి మెత్తని పొడి గుడ్డతో తుడిచి పెట్టాను, ట్యాబ్ రీస్టార్ట్ చేశాను. మైక్రో ఎస్‌డీ కార్డుకి, కొత్తగా ఏమీ రాయకుండా ఆపే లాక్ మీట ఉండదు, దాన్ని పెట్టే పెద్ద అడాప్టర్‌కే ఉంటుంది. లాప్‌టాప్‌లో పెట్టినప్పుడు ఆ మీట కూడా చూశాను, తెరిచే ఉంది. ఎఫ్ఏటీ32 అనే పాత పద్ధతిలో ఫార్మాట్ అయిన కార్డులో 4 జీబీ దాటిన ఒక్క ఫైలు పట్టదు, కానీ ఇది ఎక్స్‌ఫ్యాట్ అనే వేరే పద్ధతిలో ఉంది, పైగా వాడి వీడియోలు అంత పెద్దవి కావు. ఆండ్రాయిడ్‌లో కార్డులో రాయడానికి యాప్‌కి అనుమతి ఇవ్వకపోయినా ఇలాగే ఫెయిల్ అవుతుంది, అదీ ఇచ్చే ఉంది. నాన్న పాత ఫోన్‌లోని 16 జీబీ కార్డు తీసి అదే ట్యాబ్‌లో పెడితే ఏ ఇబ్బందీ లేకుండా కాపీ అయింది. అంటే ట్యాబ్ తప్పు కాదు. కొత్త కార్డు లాప్‌టాప్‌లో పెట్టినా అదే తంతు. అంటే తమ్ముడి తప్పూ కాదు.

అప్పుడు విండోస్ లాప్‌టాప్‌లో హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ పెట్టాను. అది కార్డు నిండేదాకా 1 జీబీ ఫైళ్లు రాసుకుంటూ పోతుంది, తర్వాత ప్రతిదాన్నీ వెనక్కి చదివి, రాసిందే ఉందా లేదా అని సరిచూస్తుంది. గంటలు పడుతుంది కాబట్టి రాత్రి పెట్టి వదిలేశాను. తెల్లారి చూస్తే ఎర్ర అక్షరాలు. 7 జీబీ చిల్లర మాత్రమే సరిగ్గా ఉంది, 111 జీబీకి పైగా డేటా పోయినట్టే. అది 128 జీబీ కార్డు కానే కాదు. లోపల ఉన్నది 8 జీబీ చిప్పు.

ఇది ఎలా చేస్తారంటే, కార్డు లోపల చిన్న కంట్రోలర్ ఉంటుంది. ఫోనూ ట్యాబూ "నీ దగ్గర ఎంత జాగా ఉంది" అని అడిగేది దాన్నే. దానిలోని ప్రోగ్రాం మార్చేసి 128 అని చెప్పిస్తారు. ఒకే గది ఉన్న ఇంటికి పదహారు గదుల నంబర్లు రాసి అద్దెకిచ్చినట్టు. మొదటి 7 జీబీ వరకు నిజమైన చిప్పులోకే వెళ్తుంది కాబట్టి అప్పటిదాకా ఎవరికీ అనుమానం రాదు. అది నిండాక రాసేదంతా గాలిలో కలిసిపోతుంది, లేదా తిరిగి మొదటికొచ్చి పాతవాటి మీదే రాసేస్తుంది. ఫైళ్ల పేర్ల పట్టిక కార్డు మొదట్లో ఉంటుంది కాబట్టి పేర్లు, సైజులు చక్కగా కనిపిస్తాయి. ఆ పట్టిక మీద కూడా ఏదైనా పడిందా, ఇక ఫార్మాట్ చేయమనే మాటే. ఫార్మాట్ చేస్తే మళ్లీ కొన్నాళ్లు బాగున్నట్టు ఉంటుంది. అందుకే చాలామంది ట్యాబ్‌నో, పిల్లల్నో అనుమానిస్తారు తప్ప కార్డు జోలికి పోరు.

ఆ ఫలితం ఫోటో తీసుకుని, కార్డు, బిల్లు చీటీ పట్టుకుని తమ్ముణ్ణి వెంటబెట్టుకుని షాపుకి వెళ్లాను. మర్యాదగానే మాట్లాడాను. "అన్నా, ఈ కార్డు నకిలీది, ఒకసారి చూడండి" అన్నాను. ఆయన నా ఫోన్‌లోని ఫోటో చూడనే లేదు. కార్డు తీసి తన ఫోన్‌లో వేసి, స్క్రీన్ నా ముఖం ముందు పెట్టాడు. "128 జీబీ కార్డుకి ఎప్పుడూ 119 చూపిస్తుంది మేడమ్. ఇదిగో 119. ఇంకేం కావాలి మీకు?" అన్నాడు. అసలైన కార్డుకి 119 చూపించే మాట నిజమే. కానీ ఆ 119 అని చెప్పేది ఆ మోసపు కంట్రోలరే కదా. లాప్‌టాప్ తెస్తాను, మీ ముందే టెస్ట్ పెడతాను అన్నాను. నలుగురు కస్టమర్లు నిలబడి ఉన్నారు. వాళ్ల వైపు తిరిగి, తమ్ముణ్ణి చూపించి, "పిల్లలు ఏవేవో సైట్లు చూసి వైరస్ ఎక్కించుకుంటారు, తర్వాత వచ్చి మా మీద పడతారు" అన్నాడు. పదిహేడేళ్ల పిల్లాడు, అందరి ముందు ఆ మాట పడ్డాడు. తల దించేసుకున్నాడు.

అప్పటికీ నేను గొంతు పెంచలేదు. కార్డు మార్చి ఇవ్వండి, లేదా డబ్బు ఇవ్వండి అన్నాను. అప్పుడు ఆయన కౌంటర్ కింద వేరే సొరుగు లాగాడు. అందులోంచి అదే కంపెనీ, అదే 128 జీబీ ప్యాకెట్ ఒకటి తీసి గ్లాసు మీద పెట్టి, గొంతు తగ్గించి, "ఇది ఒరిజినల్. పైన 500 ఇవ్వండి, ఇచ్చేస్తా" అన్నాడు.

నాకు అక్కడే నోట మాట ఆగిపోయింది. రెండు సొరుగులు! ఏది అసలో ఏది నకిలీయో ఆయనకి ముందే తెలుసు. మేము కొన్నరోజు "చదువుకునే పిల్లాడికి, మంచిది ఇవ్వండి" అని అడిగితే, నవ్వుతూ పై సొరుగులోంచి తీసి ఇచ్చాడు. తెలిసి ఇచ్చాడు. తెలిసీ వాడి మీద వైరస్ మాట వేశాడు. ఆ 650 రూపాయల సంగతి వదిలేయండి. బోర్డు ఫోటోలు మళ్లీ రావు, ఆ క్లాసులు అయిపోయాయి. వాడి స్నేహితుల నోట్సు తెప్పించి మళ్లీ రాసుకుంటున్నాడు. పరీక్షల ముందు ఈ టెన్షన్ వాడికెందుకు?

ఇంటికి రాగానే నాన్నకి టెస్ట్ ఫలితం చూపించాను. ఆయన లేచి వెళ్లి తమ్ముడి పక్కన కూర్చున్నారు.

వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు ఇచ్చాను. డబ్బు రాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్తాను. 5 లక్షల లోపు అయితే ఫీజు లేదు, రెండేళ్లలోపు వేయొచ్చు, మనం ఉండే జిల్లాలోనే వేసుకోవచ్చు. ఆయన ఇచ్చింది జీఎస్టీ నంబరు కూడా లేని చీటీ, అయినా దాని మీద "128 జీబీ" అని ఆయన చేత్తో రాసిందే ఉంది, యూపీఐలో కట్టిన వివరం ఉంది. మీరూ చీటీలు పారేయకండి. ఆ షాపులో కొన్నవాళ్లు ఇంకా ఉంటే మీరూ ఫిర్యాదు ఇవ్వండి.

కొత్త కార్డు ఎక్కడ కొన్నా, అందులో ఒక్క ఫోటో కూడా పెట్టకముందే ఖాళీ కార్డు మీద ఆ టెస్ట్ చేయండి. లైనక్స్, మ్యాక్ వాడేవాళ్లకి ఎఫ్3 అనేది ఉంది, అదే పని చేస్తుంది. లాప్‌టాప్ లేకపోతే తెలిసినవాళ్ల దగ్గర చేయించుకోండి. ఇప్పటికే వాడుతున్న కార్డు మీద అనుమానం ఉంటే మాత్రం టెస్ట్ ముందు పెట్టకండి. కొత్తగా ఏమీ రాయకుండా, తెరుచుకుంటున్న ఫైళ్లన్నీ ముందు వేరేచోటికి తీసుకోండి. నకిలీ కార్డు మీద టెస్ట్ రాసేది మిగిలి ఉన్న ఫోటోల మీదే పడొచ్చు.