గుండెకి స్టెమ్ సెల్ ప్యాకేజీ: అడ్వాన్సు కట్టే ముందు ఒక్కసారి చదవండి

అమలాపురం, రావులపాలెం, పాలకొల్లు చుట్టుపక్కల ఈ మధ్య ‘చచ్చిపోయిన గుండె కండరాన్ని మళ్లీ మొలిపిస్తాం’ అంటూ స్టెమ్ సెల్ (ఇంకో రకం కణంగా మారగల మూలకణం) ప్యాకేజీ అమ్ముతున్నారండి. ఫంక్షన్ హాల్లో ఉచిత క్యాంపు పెట్టి ఎకో, అంటే గుండె స్కాన్, తీస్తారు. గుండె పంపింగ్, అదే ఈఎఫ్, 30 శాతానికి పడిపోయిందని భయపెడతారు. సిటీలో క్లినిక్‌కి కారు కూడా వాళ్లే పంపుతారు. రాజోలు వైపు ఒక కుటుంబం మూడు డోసులకి 6 లక్షల 30 వేలు కట్టింది. అందులో సగం కొబ్బరితోట మీద తెచ్చిన అప్పే. ఆరు నెలల తర్వాత బయట ఎకో తీయిస్తే ఈఎఫ్ ఎక్కడున్నది అక్కడే ఉంది. క్లినిక్‌ని అడిగితే నాలుగో డోసు వేయించుకోమన్నారు.

ఆ బిల్లు చూస్తే విషయం తెలిసిపోతుంది. నాలుగు వరసలు: కన్సల్టేషన్, సెల్ ప్రాసెసింగ్, రీజెనరేటివ్ ప్యాకేజీ, డే కేర్. గుండె అన్న మాటే లేదు. ఎక్కించిన కణాలు ఎన్ని, అందులో బతికున్నవి ఎంత శాతం, బ్యాచ్ నంబరేమిటి, దాతకి హెచ్ఐవీ, హెపటైటిస్ పరీక్షలు చేశారా, ఒక్కటీ లేదు. గడ్డకట్టించిన కణాల్ని ద్రవ నైట్రోజన్‌లో, మైనస్ 196 డిగ్రీల దగ్గర దాస్తారు. వాడే ముందు 37 డిగ్రీల నీటిలో కరిగించి, బతికున్నవెన్నో లెక్కపెట్టి, ఆలస్యం చేయకుండా ఎక్కించాలి. ఆ రోజు అటెండరు తెచ్చింది మామూలు ఐస్ పెట్టె. ఐస్ పెట్టెలో రొయ్యలు వెళ్తాయి గానీ గడ్డకట్టించిన కణాలు వెళ్లవు.

పోనీ కణాలు మంచివే అనుకుందాం. చేతి నరంలో సెలైన్‌తో ఎక్కిస్తే వాటిలో చాలా భాగం ముందు ఊపిరితిత్తుల సన్న రక్తనాళాల్లోనే చిక్కుకుపోతాయి. ధవళేశ్వరం దగ్గర వదిలిన నీళ్లు శివారు చేలకి చేరనట్టే. గుండె రక్తనాళంలోకే గొట్టం పెట్టి వదిలినా, కొన్ని గంటలు గడిచేసరికి గుండెలో నిలిచేది కొద్ది శాతమే. ఇటు చూస్తే పెద్ద గుండెపోటులో 100 కోట్ల దాకా కండర కణాలు పోతాయి, ఆ జాగాలో మచ్చ కడుతుంది. గుండె తనంతట తాను కొత్త కణాలు పుట్టించుకునేది 25 ఏళ్ల వయసులో ఏడాదికి 1 శాతం, 75 ఏళ్లకి అర శాతం కూడా కాదు. అణుబాంబు పరీక్షలతో గాలిలో కలిసిన కార్బన్-14ని గుండె కణాల్లో కొలిచి స్వీడన్ శాస్త్రవేత్తలు 2009లో తేల్చిన లెక్క ఇది.

‘అమెరికాలో రుజువైంది’ అంటారు. ఎముక మజ్జ కణాలు ఎలుక గుండెలో కండరంగా మారాయని 2001లో ఒక పేపరు వచ్చిన మాట నిజమే. 2004కల్లా వేరే ల్యాబులు చేసి చూస్తే అలా మారలేదు. ఆ పరిశోధనల వెనకున్న పియెరో అన్వెర్సా ల్యాబు పేపర్లు 31 వెనక్కి తీసుకోవాలని 2018లో ఆయన పనిచేసిన హార్వర్డ్ యూనివర్సిటీయే చెప్పింది. మనవాళ్ల కరపత్రంలో ఆ సంగతి ఉండదు మరి.

అసలు పని ఇప్పుడు వేరే దారిలో నడుస్తోంది. 2006లో జపాన్ శాస్త్రవేత్త యమనక చూపించిన పద్ధతిలో మామూలు కణాన్ని వెనక్కి తిప్పి స్టెమ్ సెల్ చేసి, దాన్ని గుండె కండరంగా పెంచుతున్నారు. అలాంటి కణాల పొరని 2020లో జపాన్‌లోని ఒసాకాలో మొదటిసారి మనిషి గుండెకి అతికించారు. ఆపరేషన్ చేసి పెట్టేది, పైగా శరీరం తిప్పికొట్టకుండా మందులు వాడాలి. 2014లో కోతుల గుండెల్లోకి ఇలాంటి కణాలు 100 కోట్లు ఎక్కిస్తే కండరం పెరిగింది గానీ, గుండె లయ తప్పింది. లేత కణాలు తమ తాళం తాము కొట్టుకుంటాయి కాబట్టి. సాయంత్రానికి ఇంటికి పంపించే డే కేర్ పనికాదది.

మరి ‘మా పేషెంటుకి ఈఎఫ్ 28 నుంచి 40 అయింది’ అని చూపించే రిపోర్టుల సంగతి? గుండెపోటు వచ్చిన కొత్తలో కొంత కండరం చావదు, మొద్దుబారి ఉంటుంది. కొన్ని వారాల్లో తనే తేరుకుంటుంది. అందుకే గుండెలో షాక్ యంత్రం పెట్టాలా వద్దా అన్నది తేల్చడానికి కూడా డాక్టర్లు గుండెపోటు తర్వాత కనీసం 40 రోజులు ఆగుతారు. స్టెంటు వేసుకుని, బీటా బ్లాకర్, స్పిరోనోలాక్టోన్, డాపాగ్లిఫ్లోజిన్ లాంటి గుండె మందులు సరిగ్గా వాడితే 3 నెలలకి ఈఎఫ్ పెరగడం మామూలే. పైగా ఒకే గుండెకి ఇద్దరు ఎకో తీస్తే 5 నుంచి 10 పాయింట్ల తేడా రావొచ్చు. మొదటి వారం ఎకోని ‘ముందు’ అని, మూడో నెలదాన్ని ‘తర్వాత’ అని పక్కపక్కన పెడితే ఏం ఎక్కించినా ఎక్కించకపోయినా గొప్పగానే కనిపిస్తుంది.

డబ్బు కన్నా పెద్ద ప్రమాదం ఇంకోటుంది. కణాల కోసం రోగి తుంటి ఎముక నుంచే మజ్జ తీసేట్టయితే, రక్తం గడ్డకట్టకుండా వాడే క్లోపిడోగ్రెల్ మందు ఐదు రోజులు ఆపమంటారు. గుండెపోటుకి స్టెంటు వేశాక ఆస్పిరిన్‌తో కలిపి ఆ మందు సాధారణంగా 12 నెలలు ఆపకూడదు. మధ్యలో ఆపితే స్టెంటులోనే గడ్డకట్టి మళ్లీ గుండెపోటు రావొచ్చు. స్టెంటు వేసిన డాక్టరు చెప్పకుండా ఎవరు చెప్పినా ఆపొద్దు.

చట్టం సంగతికొస్తే, ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 2017 మార్గదర్శకాల ప్రకారం మన దేశంలో స్టెమ్ సెల్స్‌ని మామూలు వైద్యంగా వాడొచ్చన్నది రక్త సంబంధ జబ్బులకి చేసే మార్పిడిలోనే. గుండెకైతే అనుమతి ఉన్న పరిశోధన ట్రయల్‌లోనే, అదీ రోగి దగ్గర డబ్బు తీసుకోకుండా. కాబట్టి రేటు చెప్పారంటే అక్కడికే తేలిపోయింది. ‘ట్రయలే’ అని బుకాయిస్తే మూడు కాగితాలు అడగండి: సీడీఎస్‌సీవో (కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ) ఇచ్చిన సీటీ-06 అనుమతి, ఈసీఆర్‌తో మొదలయ్యే ఎథిక్స్ కమిటీ నంబరు, సీటీఆర్ఐ (దేశంలో ట్రయల్స్ నమోదయ్యే రిజిస్ట్రీ) నంబరు. సీటీఆర్ఐ నంబరు ఒక్కటే చూపిస్తే నమ్మకండి, అది నమోదే, అనుమతి కాదు.

ఇప్పటికే కట్టేసినవాళ్లు ముందు కేసు షీటు కాపీ రాతపూర్వకంగా అడగాలి. అడిగిన 72 గంటల్లో ఇవ్వడం డాక్టరు బాధ్యత. తర్వాత జిల్లా వైద్యాధికారికీ, రాష్ట్ర మెడికల్ కౌన్సిల్‌కీ ఫిర్యాదు, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోను. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో చెల్లించిన సొమ్ము 5 లక్షల లోపైతే ఫీజు లేదు. గడువు రెండేళ్లు. ఎకో రిపోర్టు కాగితం ఒక్కటే తీసుకుని ఊరుకోవద్దు, వీడియో క్లిప్పులు సీడీలో అడగండి. ఇంకో డాక్టరు మళ్లీ కొలిచి చూడాలంటే అవే కావాలి.