వాయిస్తే నొటేషన్ అదే రాస్తుందంటూ అమ్ముతున్న ఆ డబ్బా కొనకండి

వైజాగ్‌లో గిటార్ పట్టుకున్నవాళ్ళకి ఆ షాపు పేరు నేను చెప్పక్కర్లేదు. ‘మీరు వాయించండి సార్, అదే రాసుకుంటుంది’ అంటూ లాప్‌టాప్ ముందు కూర్చోబెడతారే, అదే. సాఫ్ట్‌వేరూ, గిటార్‌ని కంప్యూటర్‌కి కలిపే చిన్న ఆడియో ఇంటర్‌ఫేసూ, లైఫ్‌టైం లైసెన్సూ కలిపి ₹14,500. పోయాయి.

ఇవాళ వాపసివ్వడానికెళ్తే కౌంటరు కుర్రాడు “మా దగ్గర బ్రహ్మాండంగా పనిచేస్తోంది కదా” అని మళ్ళీ డెమో పెట్టాడు. లయ చూపే క్లిక్‌తో పాటు జీ, సీ, డీ కార్డులే (కొన్ని స్వరాలు ఒకేసారి మోగించే కలయికలు) వాయించమంటారు, గుర్తుందా? వాయిస్తుంటే స్క్రీను మీద ముత్యాల్లాంటి నోట్లు. ఎందుకో అనుమానమొచ్చి అరచెయ్యి ఆరు తీగల మీదా పరిచేశాను. గిటార్ మూగబోయింది. నోట్లు ఆగలేదు! ఇంకో రెండు బార్లు (తాళం ఆవర్తాలు) హాయిగా నడిచిపోయాయి. వంగి చూస్తే ఇంటర్‌ఫేస్ యూఎస్‌బీ వైరు బల్ల కింద ఊరికే వేలాడుతోంది. దాని మీద లైటు కూడా వెలగట్లేదు. ముందే నోట్లు నింపి పెట్టుకున్న మిడి ఫైలు అది. కొన్న రోజున నా కళ్ళు ఎక్కడ తాకట్టు పెట్టానో!

అడిగితే ఏమన్నాడో తెలుసా? “అది డెమో మోడ్ సార్. అసలు మీ పికింగే క్లీన్‌గా లేదు, ముందు గిటార్ నేర్చుకుని రండి.” పక్కనున్నవాళ్ళు నవ్వారు కూడా.

సరే, పికింగ్, అంటే తీగ మీటే తీరు, సంగతి వదిలేద్దాం. అన్నిటికంటే లావు తీగ, ‘ఈ’ (E) స్వరానిది, ఒక్కటే, ఖాళీగా, ఒక్కసారి మీటండి. ఈ డబ్బా మూడు నోట్లు రాస్తుంది. ఆ తీగ 82.4 హెర్ట్జ్. అసలు స్వరంతో పాటు సన్నగా మోగే రెట్టింపు, మూడింతల శ్రుతుల్ని హార్మోనిక్‌లంటారు. దాని రెండో హార్మోనిక్ సుమారు 165, అంటే పై స్థాయి ‘ఈ’. మూడోది 247, సరిగ్గా ఖాళీ బీ తీగ శ్రుతి. అసలు స్వరమేదో దాని హార్మోనిక్ ఏదో విడదీయడమే ఇలాంటి సాఫ్ట్‌వేర్ చెయ్యాల్సిన మొదటి పని. ఒక్క తీగకే ఇలా తడబడేది ఆరు తీగల కార్డు ఏం రాస్తుంది? పైగా మన సముద్రపు గాలికి తీగలు ఊరికే తుప్పు పడతాయి, అప్పుడు హార్మోనిక్‌లు ఇంకా పక్కకి జరుగుతాయి.

ట్యాబ్ (ఏ తీగని ఏ ఫ్రెట్‌లో, అంటే మెడ మీది ఏ గడిలో, నొక్కాలో చూపే రాత) అయితే మరీ ఘోరం. ఖాళీ మొదటి తీగ స్వరమే రెండో తీగ 5వ ఫ్రెట్‌లో, మూడో తీగ 9లో, నాలుగో తీగ 14లో, ఐదో తీగ 19లో కూడా దొరుకుతుంది. ఏ తీగ మోగిందో నిజంగా తెలియాలంటే ఒక్కో తీగకీ విడి సిగ్నల్ ఇచ్చే హెక్సాఫోనిక్ పికప్ కావాలి. వీళ్ళిచ్చింది ఆరు తీగలూ కలిసిపోయి వచ్చే ఒకే జాక్. అందుకే ఊహించి రాస్తుంది: 2వ ఫ్రెట్ మీదున్న చెయ్యి తర్వాతి నోటుకి 19లో ఉండాలట. ఆంజనేయుడు లంకకి దూకినట్టు!

‘జీరో లేటెన్సీ’, అంటే ఆలస్యమే ఉండదని, పెట్టె మీద అచ్చేశారు. లావు తీగ ఒక్క ఆవృతికే (ఒకసారి ఊగి రావడానికే) 12 మిల్లీసెకన్లు, శ్రుతి పోల్చడానికి కనీసం రెండు ఆవృతులు వినాలి, దాని మీద సౌండుకార్డు బఫర్. జీరో ఎక్కడిది? స్వరం మీద గమకం వేశామా, తీగ లాగినప్పుడు దాటిన ప్రతి అర్ధస్వరాన్నీ విడి నోటుగా పెడుతుంది. గిటార్‌కి నొటేషన్ ఒక స్థాయి పైన రాస్తారన్న సంగతి కూడా దీనికి తెలీదు. అన్నీ గీతల కింద వేలాడుతుంటాయి. ఇంత చేసి లైఫ్‌టైం లైసెన్సు ఏడాదేనట, అదీ ఒక్క కంప్యూటర్‌కే.

ఇలాంటి సాఫ్ట్‌వేర్లన్నీ దొంగవని కాదు. ఒక్కో స్వరమే వచ్చే మెలొడీని, క్లిక్‌కి కట్టుబడి వాయిస్తే, ఓ మాదిరిగా రాసేవి ఉన్నాయి. ట్రయల్ ఇస్తే తప్ప కొనకండి.

షాపులో అయితే మీ గిటార్, మీ కేబుల్ తీసుకెళ్ళండి. లావు తీగ ఒక్కటే మీటండి, తర్వాత అరచెయ్యి వేసి స్క్రీను చూడండి. జీఎస్టీ బిల్లు అడిగి పుచ్చుకోండి. నా దగ్గరున్నది చేత్తో రాసిన చీటీ. అయినా వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేస్తున్నా, ఇంకా లైన్లోనే ఉన్నా.