బేరింగ్ మార్చాక ఎక్స్‌ప్లోడెడ్ వ్యూ ఏమైంది?

గేర్‌బాక్స్ మాన్యువల్స్‌కి బొమ్మలు చేయడం నా పని. మేం వాడే క్యాడ్ సాఫ్ట్‌వేర్‌లో ఎక్స్‌ప్లోడెడ్ వ్యూ (భాగాలన్నీ విడదీసి వరుసగా చూపే బొమ్మ) తయారు చేయడం హాయిగా ఉంటుంది. పార్ట్ మార్చాల్సి వచ్చినప్పుడే టెన్షన్.

మొన్న ఒక బేరింగ్‌ని డిలీట్ చేసి కొత్తది పెట్టాను. భాగాల్ని బయటికి జరిపే మొత్తం 23 స్టెప్పుల్లో దాని స్టెప్పు ఖాళీ అయిపోయింది. కొత్త బేరింగ్ హౌసింగ్ లోపలే ఉండిపోయింది, డ్రాయింగ్‌లో దాని నంబర్ చూపే బెలూన్ ఆధారం లేకుండా మిగిలింది. అన్‌డూ చేసి, రీప్లేస్ కమాండ్‌తో మారిస్తే స్టెప్పు చెక్కుచెదరలేదు! ఈ ఒక్క సదుపాయం కోసమే దీన్ని వదలను.

కానీ జరిపే దూరం మాత్రం పాత అంకే. కొత్త బేరింగ్ 6 మిల్లీమీటర్లు ఎక్కువ వెడల్పు కాబట్టి పక్కనున్న సర్‌క్లిప్‌లోకి (బేరింగ్ జారకుండా పట్టే రింగులోకి) చొచ్చుకుపోయింది. ఆ తర్వాతి స్టెప్పులన్నీ ఒక్కొక్కటే తెరిచి దూరాలు సరిచేశాను. పార్ట్ సైజు మారగానే దూరం తనంతట తానే సర్దుకుంటే ఐదు స్టార్లు ఇచ్చేవాణ్ణి. ఇప్పటికి నాలుగు.