మానిటర్ స్టాండ్ తీశాక ఏది మేలు: గోడా, బల్లా?

స్టాండ్ తీసిన మానిటర్‌ను గోడకు బిగించాలా, బల్ల అంచుకు పట్టే కీళ్ల చేయి (ఆర్మ్) మీద నిలపాలా అంటే, కోనసీమలోని పాత మండువా ఇంటికీ, భీమవరంలోని కొత్త అపార్టుమెంటుకూ ఒకే సలహా చెల్లదు. మానిటర్ రెండు చోట్లా ఒకటే, దాన్ని మోయాల్సిన గోడ వేరు. దుకాణంలో తెరను గోడకు పట్టి ఉంచే బ్రాకెట్ ఎన్ని వైపులకు తిరుగుతుందో చెబుతారు గానీ మీ గోడ ఎలాంటిదని అడిగేవారు అరుదు.

ముందు చూడాల్సింది మానిటర్ వెనుక భాగం. అక్కడ నాలుగు మర రంధ్రాలు చతురస్రంగా ఉండాలి. మామూలు సైజు మానిటర్లలో వాటి మధ్య దూరం 75 లేదా 100 మిల్లీమీటర్లు ఉంటుంది. దీన్నే వెసా కొలత అంటారు. కొన్ని మోడళ్లలో ఆ రంధ్రాలు స్టాండ్ కిందే దాగి ఉంటాయి, అది ఊడితే గానీ కనబడవు. అసలు రంధ్రాలే లేని చవక మోడళ్లూ ఉన్నాయి. అంచులను పట్టుకునే అడాప్టర్లు దొరుకుతాయి గానీ, నన్నడిగితే అలాంటి మానిటర్లను సొంత స్టాండ్ మీదే ఉండనివ్వండి.

స్టాండ్ తీయడం పెద్ద పని కాదు. బల్ల మీద దుప్పటి మడత వేసి తెరను బోర్లించాలి. కొన్నింటికి మీట నొక్కితే మెడ ఊడి వస్తుంది, కొన్నింటికి ప్లాస్టిక్ మూత కింద స్క్రూలుంటాయి. కొత్త బ్రాకెట్ బిగించడానికి సాధారణంగా పట్టేవి ఎం4 (4 మిల్లీమీటర్ల మందం) స్క్రూలు. అవి మరీ పొడవైతే లోపలి బోర్డును పొడుస్తాయి. బ్రాకెట్ ఇంకా వదులుగా ఉండగానే స్క్రూకు ఏదో అడ్డం తగిలితే, బలవంతం చేయకుండా పొట్టివి తెచ్చుకోండి.

ఇక గోడ సంగతి. బల్ల మొత్తం ఖాళీ అవుతుంది, టైపు చేస్తుంటే తెర ఊగదు, మామూలు బ్రాకెట్‌కు ఖర్చూ తక్కువే. సొంత ఇల్లు, గట్టి సిమెంటు గోడ, వాడేది ఒక్కరే అయితే నేను గోడకే ఓటు వేస్తాను. పాత సున్నపు గోడల్లో మాత్రం డ్రిల్లు పెట్టగానే పొడి రాలుతుంది, రంధ్రం వెడల్పై ప్లగ్గు అక్కడే తిరుగుతుంది. డెల్టాలో భూగర్భ జలం పైపైనే ఉంటుంది కనుక నేల నుంచి చెమ్మ గోడలోకి ఎక్కుతుంది. వానాకాలంలో చెయ్యి పెడితే తడి తగిలే గోడకు ఆనుకుని కరెంటు వస్తువు ఉండటం నాకు నచ్చదు. అంతర్వేది వైపు ఉప్పుగాలికి మామూలు స్క్రూలు తుప్పు పడతాయి, స్టెయిన్‌లెస్ స్టీలువి అడిగి తీసుకోవాలి. అద్దె ఇల్లయితే గోడకు తూట్లు పొడిచే ముందు యజమానిని అడగక తప్పదు.

అందుకే ఇక్కడి పాత ఇళ్లకు బల్ల అంచుకు క్లాంపుతో పట్టే ఆర్మే మేలంటాను. అయితే బల్ల సరైనదై ఉండాలి. టేకు చెక్క అయితే దిగులు లేదు. పార్టికల్ బోర్డు ఈ గాలి తేమకు ఉబ్బి, క్లాంపు నొక్కిన చోట పొట్టులా రాలుతుంది. బరువు చిన్నదే అయినా ఆర్మ్ ముందుకు చాచినప్పుడు ఆ భారమంతా అంచు మీదే పడుతుంది. పైనా కిందా ఒక్కో ఇనుప పలక వేస్తే భారం కొంత పరుచుకుంటుంది. ఆర్మ్ మోచేయి వెనక్కి మడుచుకునే రకమైతే బల్లను గోడకు కాస్త దూరంగా జరపాలి.

గ్యాస్ స్ప్రింగ్ ఆర్మ్ (చేత్తో తోస్తే తెర పైకీ కిందికీ కదిలి అక్కడే నిలిచే రకం) కొనేవారు అది మోయగల గరిష్ఠ బరువుతో పాటు కనిష్ఠ బరువూ చూడాలి. మానిటర్ మరీ తేలికైతే తెర దానంతటదే పైకి లేస్తుంది. అలెన్ కీతో బిగువు తగ్గించవచ్చు గానీ దానికీ ఒక హద్దుంది. మానిటర్ బరువును స్టాండ్ లేకుండానే లెక్కించాలి. ఇంట్లో అందరూ ఒకే ఎత్తులో కూర్చుంటే గ్యాస్ అవసరమే లేదు, కడ్డీ మీద బిగించే సాదా ఆర్మ్ చాలు.

లంక గ్రామాలవారికి ఇంకో లెక్క ఉంది. గోదావరికి వరద వస్తే సామాన్లు అటక ఎక్కాల్సిందే. మీట లాగగానే తెర పలకతో సహా ఊడివచ్చే రకం తీసుకుంటే స్క్రూడ్రైవర్ కోసం వెతుక్కోనక్కర్లేదు. తీసేసిన పాత స్టాండ్‌ను, దాని స్క్రూలను ఒక సంచిలో వేసి ఆ అటక మీదే ఉంచండి. మానిటర్ అమ్మేటప్పుడు కొనేవారు అడిగే మొదటి వస్తువు అదే.